బరాత్ బండి మీదికి ఏ కంట్రోలర్?

ప్రశ్న: అన్నా, మాది దేవరకొండ దగ్గర తండా. పెండ్లిళ్లకు, దసరాకు ఫోన్ల నుంచే పాటలు పెడుతున్న. డీజే కంట్రోలర్ కొందామని ముప్పై వేలు జమ చేసిన. హైదరాబాద్‌ల షాపాయన ఇంకొన్ని పైసలు కలిపి నాలుగు చానెళ్లది తీస్కో అంటున్నడు. దోస్తులేమో అదే పైసలకు సెకండ్ హ్యాండ్‌ల పెద్దది వస్తది అంటరు. నా దగ్గర పాత ల్యాప్‌టాప్ ఉన్నది. నేను పెట్టేటివి ఎక్కువ ఫోక్ పాటలు, తీన్‌మార్, మా బంజారా పాటలు. ఏది తీసుకోవాలె?
– ఒక పాఠకుడు, దేవరకొండ

జవాబు: తమ్మీ, నీ ఉత్తరంలో నాకు అన్నిటికంటే పనికొచ్చింది చివరి ముక్క. ఏ పాటలు పెడతవో చెప్పినవ్. షాపులో ఆ మాట ఎవరూ అడగరు. చానెళ్లెన్ని (ఒక్కో పాట నడిచే దారి), ప్యాడ్లెన్ని (నొక్కితే చిన్న సప్పుడు వేసే బటన్లు), లైట్లెన్ని అని లెక్క చెప్తరు. మన దిక్కు బరాత్ చేసేటోనికి ఆ లెక్క తర్వాతి సంగతి.

ముందు ఆ పెట్టె చేసే పనేందో చూడు. కంట్రోలర్ లోపల పాట ఉండదు. నువ్వు ఫేడర్ అనే మీట జరిపితే, చక్రం తిప్పితే, బటన్ నొక్కితే ఆ కదలికను అంకెలు చేసి యూఎస్‌బీ వైరు మీద ల్యాప్‌టాప్‌కు పంపుతది. పాటలు కలిపేది ల్యాప్‌టాప్‌లోని సాఫ్ట్‌వేర్. కలిపిన శబ్దం మళ్ల కంట్రోలర్‌లో ఉన్న సౌండ్ కార్డుకు వస్తది. అక్కడి నుంచి దానికి రెండు దారులు. ఒకటి ఆంప్లిఫైయర్‌కు పోయే మాస్టర్, రెండోది నీ హెడ్‌ఫోన్. జనం ఒక పాటకు ఎగురుతుంటే రాబోయే పాటను నువ్వొక్కనివే చెవిలో వినొచ్చు. ఫోన్‌తో ఇన్నాళ్లు నీకు లేనిది ఈ రెండో దారే. నన్నడిగితే నువ్వు పెట్టే పైసల్లో సగం దాని కోసమే.

ఇగ తీన్‌మార్ సంగతి. డీజే సాఫ్ట్‌వేర్ అన్నిటిలో సింక్ అని ఒక బటన్ ఉంటది. నొక్కితే రెండు పాటల వేగం ఒక్కటైతది. కొత్త రీమిక్సులు కంప్యూటర్‌లో సమానంగ టక్‌టక్ మనే క్లిక్ పెట్టుకొని చేసినవి, మొదటి నుంచి చివరి దాకా వేగం మారదు. వాటి మీద సింక్ చక్కగ పనిచేస్తది. మన డప్పు పాటలు చాలావరకు అట్ల చేసినవి కావు. మనుషులు కొడుతుంటే మనుషులు పాడినవి. చరణం కాడ కొంచెం నిదానిస్తరు, ఊపొచ్చిన కాడ ఉరుకుతరు. సాఫ్ట్‌వేర్ మాత్రం మామూలుగ పాట మొత్తానికి ఒకే బీపీఎం రాసి, అంటే నిమిషానికి ఇన్ని దెబ్బలని లెక్క కట్టి, ఆ కొలతకు సమానంగ గీతలు గీసుకుంటది. పాట సగానికొచ్చేసరికి గీత ఒకతాన, దెబ్బ ఒకతాన. పైగ తీన్‌మార్ నడక మూడేసి దెబ్బలది, సాఫ్ట్‌వేర్ వెతికేది నాలుగేసి దెబ్బల లెక్క. అందుకే చెవికి ఒకే వేగం అనిపించే మూడు పాటలకు అది ఒకదానికి 90 అని, ఒకదానికి 180 అని, ఇంకోదానికి 135 అని చూపిస్తది. ఆ అంకెల్ని నమ్మి సింక్ నొక్కినవంటే రెండు డప్పులు ఒకదాని కాళ్లు ఒకటి తొక్కుకుంటయి. ఎగిరేటోళ్లు ఆగి నీ దిక్కు చూస్తరు.

కాబట్టి నీ పని సింక్‌తో కాదు, చెవితో, చేతితో. హెడ్‌ఫోన్‌లో రెండో పాట వింటూ వేగం మార్చే టెంపో స్లయిడర్‌తో దగ్గరికి తెచ్చి, జాగ్ వీల్ అనే చక్రాన్ని వేలితో కొంచెం ముందుకో వెనుకకో నెట్టి దెబ్బ మీద దెబ్బ పడేటట్టు పట్టుకోవాలె. పాట మధ్యలో డప్పు ఉరికితే మళ్ల నెట్టాలె. అరచెయ్యి ఆనేంత చక్రం లేకపోతే ఇది కుదరదు. అరచేతిలో పట్టే చిన్న కంట్రోలర్లు అందుకే నీకు వద్దంటున్న. ప్రయాణంలో సరదాకు అవి బాగనే ఉంటయి.

స్లయిడర్ గురించి జెర వివరంగ చెప్త, దీని మాట ఎక్కడా సరిగ్గ చెప్పరు. కంట్రోలర్ ల్యాప్‌టాప్‌తో మాట్లాడే మిడి అనే భాషలో మామూలు సందేశానికి 0 నుంచి 127 దాకా 128 మెట్లే ఉంటయి. చవక పెట్టెలో టెంపో స్లయిడర్ ఇంతే పంపుతదనుకో. రేంజ్, అంటే వేగం మార్చగలిగే హద్దు, ప్లస్ మైనస్ 16 శాతం పెడితే 32 శాతాన్ని 128 మెట్లుగ కోసినట్టు, ఒక్కో మెట్టు పావు శాతం. 120 బీపీఎం పాటకు అది 0.3 బీపీఎం. నీకు కావలసిన వేగం రెండు మెట్ల నడుమ పడితే 0.15 తేడాతోనే ఆగాలె. రెండు పాటల్ని రెండు నిమిషాలు కలిపి నడిపినవంటే బీటులో మూడో వంతుకు దగ్గరగ జరిగిపోతది. మంచి కంట్రోలర్లలో ఇదే స్లయిడర్ రెండు సందేశాలు జోడించి 16,384 మెట్ల లెక్కన పంపుతది. నీ చేతికి ఏ పెట్టె వచ్చినా రేంజ్‌ను 6కో 8కో తగ్గించి పెట్టుకో, మెట్టు చిన్నదైతది.

పేరు చెప్పుమంటే, నీ పైసల చుట్టుపక్కల పయనీర్ డీజే వాళ్ల డీడీజే-ఎఫ్‌ఎల్‌ఎక్స్4 చూడు. రెండు చానెళ్లది. రెకార్డ్‌బాక్స్ సాఫ్ట్‌వేర్ దానికి తగిలిస్తే వేరే రుసుము లేకుండ డీజే పనికి తెరుచుకుంటది, సెరాటో లైట్ అనే ఇంకో డీజే సాఫ్ట్‌వేర్ కూడ నడుస్తది. ఒక్కో వైపు ఎనిమిది ప్యాడ్లు. మైకు పెట్టుకునే రంధ్రం ఉన్నది. ఫోన్‌తో, ట్యాబ్‌తో కూడ పనిచేస్తది కాబట్టి నీ పాత ల్యాప్‌టాప్ మొరాయించిన నాడు చేతులు కట్టుకొని కూచోవు. లోపం కూడ చెప్పాలె. మాస్టర్ బయటికొచ్చేది ఆర్‌సీఏ పిన్నులతోనే (టీవీకి పెట్టే ఎరుపు, తెలుపు పిన్నులు), దూరం పోయే వైరుకు పనికొచ్చే మూడు పిన్నుల ఎక్స్‌ఎల్‌ఆర్ లేదు. బండి మీద ఆంప్ పక్కనే పెట్టుకుంటవు కాబట్టి నీకు నడుస్తది, వైరు మాత్రం పొట్టిగ ఉంచు. హెర్క్యులీస్ వాళ్ల ఇన్‌పల్స్ 300లో వేగం పెంచాలా, తగ్గించాలా అని చూపించే బాణం లైట్లు ఉంటయి. నేర్చుకునేటోళ్లకు మంచిదే గాని, ఆ లైట్లు కూడ సాఫ్ట్‌వేర్ గీసిన గీతల్నే చూసి వెలుగుతయి. తీన్‌మార్ కాడ వాటిని నమ్ముకోకు.

నాలుగు చానెళ్లు నీకు అక్కరలేదు. ఒకేసారి మూడు పాటలు కలిపేటోళ్లకు అది. నడిచే పాట మీద డప్పు ముక్క, బూర సప్పుడు వేసుకోవాలంటే వాటిని ప్యాడ్ల మీద పెట్టుకో, సరిపోతది.

సెకండ్ హ్యాండ్‌కు నేను వ్యతిరేకం కాదు. నీ ల్యాప్‌టాప్ తీసుకొని పోయి అక్కడనే తగిలించి చూడు. క్రాస్‌ఫేడర్‌ను, అంటే ఒక పాట నుంచి ఇంకో పాటకు జరిపే అడ్డం మీటను, ఒక కొసకు జరిపినప్పుడు రెండో పాట సన్నగ వినపడొద్దు. చక్రం పైభాగం ముట్టుకుంటే పాట ఆగాలె, వదిలితే నడవాలె. హెడ్‌ఫోన్ పిన్ను కదిపితే ఒక చెవి పోవద్దు. యూఎస్‌బీ మూతి దగ్గర వైరును కొంచెం అటు ఇటు ఆడించు, కనెక్షన్ తెగితే లేచి వచ్చెయ్. పాత మోడళ్లకు కొత్త విండోస్‌కు పనికొచ్చే డ్రైవర్ (పెట్టెను ల్యాప్‌టాప్ గుర్తుపట్టేటట్టు చేసే ప్రోగ్రాం) కంపెనీ ఇస్తున్నదో లేదో ముందే చూసుకో. అది లేకపోతే ఎంత పెద్ద పెట్టె అయినా అల్మారలో పెట్టుడే.

నాలుగు చానెళ్లకు కలుపుదామనుకున్న పైసలు ఏం చేయాలె అంటవా? ల్యాప్‌టాప్‌లో పాత హార్డ్ డిస్క్ ఉంటే ఎస్‌ఎస్‌డీ వేయించు, ర్యామ్ 8 జీబీ చేయించు. చెవిని పూర్తిగ మూసే హెడ్‌ఫోన్ ఒకటి తీసుకో, జనరేటర్ పక్కన తెరిచిన హెడ్‌ఫోన్‌లో ఏమీ వినపడదు. ఇంకొకటి, దీన్ని మాత్రం మరువకు: ఒక చిన్న అనలాగ్ మిక్సర్. కంట్రోలర్ నుంచి నేరుగ ఆంప్‌కు పోవద్దు. కంట్రోలర్‌ను మిక్సర్‌లో ఒక చానెల్‌కు, పంతులుగారి మైకును ఒకదానికి, ఒక ఫోన్‌ను ఇంకొకదానికి పెట్టు. పెండ్లికొడుకు గుర్రం దిగేటప్పుడు ల్యాప్‌టాప్ హ్యాంగ్ అయితే ఫోన్ చానెల్ ఎత్తెయ్, ఆ పాట నడుస్తుండంగ ల్యాప్‌టాప్ మళ్ల లేపుకో. నల్లగొండలో బాక్సులు మోసిన కాలం నుంచి నేను చూస్తున్న, పెండ్లింటోళ్లు గుర్తు పెట్టుకునేది పాట ఆగకుండ నడిపినోన్నే. దొంగ కాపీ సాఫ్ట్‌వేర్ ఎందుకు వద్దంటనో కూడ దీంట్లోనే ఉన్నది. అది ఎప్పుడు ఆగుతదో దేవునికే ఎరుక.

ప్రశ్న: నేను మహబూబ్‌నగర్‌ల పాలిటెక్నిక్ చదువుతున్న. కొనే స్తోమత లేదు, కంట్రోలర్ నేనే తయారు చేద్దామనుకుంటున్న. నా దగ్గర ఆర్డుయినో ఊనో అనే చిన్న సర్క్యూట్ బోర్డు ఉన్నది. అయితదా? కురుమూర్తి జాతర నాటికి మా మామ బండి మీద పెట్టాలని ఆశ.
– ఒక విద్యార్థి, మహబూబ్‌నగర్

జవాబు: అయితది. నీ ఉత్తరం చదివి మస్తు సంతోషమైంది తమ్మీ. ఊనోను మాత్రం పక్కన పెట్టు. దాంట్లో అసలు పని చేసే చిప్ వేరే, యూఎస్‌బీ చూసుకునే చిప్ వేరే. కాబట్టి ల్యాప్‌టాప్‌కు అది నేరుగ మిడి పరికరంగ కనపడదు, మధ్యలో వేరే ప్రోగ్రాం పెట్టి తిప్పలు పడాలె. ఆర్డుయినో లియోనార్డో గాని, అదే ఏటీమెగా32యూ4 చిప్ ఉన్న చిన్న ప్రో మైక్రో బోర్డు గాని తీసుకో. ఆ చిప్పే యూఎస్‌బీ మాట్లాడుతది. వైరు పెట్టంగనే కంట్రోలర్ అని గుర్తు పడతది. రాస్ప్‌బెర్రీ పై పికో అయినా సరే. బస్సులో ఎంజీబీఎస్‌లో దిగితే కోఠి గుజరాతీ గల్లీ దగ్గరే, ఇవన్నీ అక్కడ అడుగు.

లెక్క వేసుకో. ఒక్కో డెక్‌కు (ఒక పాట నడిచే వైపు) వాల్యూమ్, హై, మిడ్, లో, ఫిల్టర్, టెంపో, మొత్తం ఆరు. రెండు డెక్‌లకు పన్నెండు. క్రాస్‌ఫేడర్, హెడ్‌ఫోన్ మిక్స్, మాస్టర్ కలిపితే పదిహేను. బోర్డుకు అన్ని అనలాగ్ పిన్నులు లేవు గాని, 74హెచ్‌సీ4067 అనే మల్టీప్లెక్సర్ ఒక్కటి పెడితే పదహారు లైన్లు ఒకే పిన్ను మీదికి వస్తయి. నీ పదిహేనూ అందులో పడుతయి. పొటెన్షియోమీటర్లు (నువ్వు తిప్పే, జరిపే మీటలు) 10కే లీనియర్‌వి తీసుకో, వాటి మీద బీ10కే అని రాసి ఉంటది. ఏ అని రాసినవి ఆడియో వాల్యూమ్‌కు చేసినవి, ఫేడర్ సగం జరిపినా అంకె సగం రాదు. మల్టీప్లెక్సర్ నుంచి బోర్డుకు పోయే లైన్ కాడ కాకుండ, ఒక్కో పొటెన్షియోమీటర్ నడిమి కాలుకు, గ్రౌండ్‌కు మధ్య 100 నానోఫారడ్ కెపాసిటర్ పెట్టు, అంకెలు వణకవు. కోడ్‌లో కూడ విలువ నిజంగ మారినప్పుడే పంపేటట్టు రాయి. లేకపోతే చెయ్యి పెట్టకున్నా ఫేడర్ కదులుతున్నట్టు సాఫ్ట్‌వేర్‌కు సందేశాలు పోతనే ఉంటయి.

టెంపో కాడ నీకొక లాభమున్నది. ప్రో మైక్రో అనలాగ్ విలువను 1024 మెట్లుగ చదువుతది. దాన్ని 128కి కుదించకుండ రెండు సందేశాలుగ పంపితే, పైన దేవరకొండ తమ్మునికి చెప్పిన పావు శాతం మెట్టు నీకు 0.03 శాతం దాకా దిగుతది. కొన్న చవక పెట్టె కంటే నీదే మేలు.

కష్టమంతా చక్రం కాడనే. మార్కెట్లో దొరికే చిన్న రోటరీ ఎన్‌కోడర్ (ఎంత తిప్పినవో లెక్కపెట్టేది) ఒక చుట్టుకు ఇరవై టిక్కులే ఇస్తది. పాటల లిస్టు తిప్పుకోవడానికి అది చాలు, డప్పు పట్టుకోవడానికి చాలదు. చుట్టుకు 600 పల్సులిచ్చే ఆప్టికల్ ఎన్‌కోడర్ పెడితే నాలుగింతలు లెక్కపెట్టి 2400 మెట్లు తీయొచ్చు. దాని రెండు సిగ్నల్ వైర్లు ఇంటరప్ట్ (కదలికను వెంటనే పట్టే ఏర్పాటు) ఉన్న పిన్నులకే కలుపు, లేకపోతే గట్టిగ తిప్పినప్పుడు లెక్క తప్పుతది. ఖర్చు ఎక్కువ ఇక్కడనే అయితది. మొదటి పెట్టెకు చక్రం వద్దనుకుంటే ముందుకు ఒకటి, వెనుకకు ఒకటి నెట్టే బటన్లు పెట్టుకో, ఆ పని బటన్లతో కూడ నేర్చుకోవచ్చు.

సాఫ్ట్‌వేర్‌కు మిక్స్ ఉన్నది, ఇంగ్లిష్‌లో పేరు చివర మూడు ఎక్స్‌లు ఉంటయి. పూర్తిగ ఉచితం, ఓపెన్ సోర్స్. ప్రిఫరెన్సెస్‌లో కంట్రోలర్స్ కాడ లెర్నింగ్ విజార్డ్ తెరిచి, తెర మీద వాల్యూమ్‌ను చూపించి నీ ఫేడర్ కదిపితే అది కట్టుకుంటది. అట్ల ఒక్కొక్కటి కట్టుకుంట పో.

ఒక మాట ముందే తెలిసి ఉండాలె. నువ్వు చేసే పెట్టెలో సౌండ్ కార్డు ఉండదు. హెడ్‌ఫోన్ దారి కావాలంటే నాలుగు ఔట్‌పుట్‌లున్న యూఎస్‌బీ సౌండ్ కార్డు వేరే కొనాలె. అది కూడ లేకపోతే ల్యాప్‌టాప్ స్టీరియో పిన్నును రెండుగ చీల్చే డీజే స్ప్లిటర్ కేబుల్ వాడొచ్చు. ఎడమ వైపు మాస్టర్, కుడి వైపు హెడ్‌ఫోన్. రెండూ మోనో అయితయి గాని, బండి మీద స్టీరియో తేడా ఎవరికి తెలుస్తది?

డబ్బా ప్లైవుడ్‌తో చేయించు, ఫేడర్ గాట్ల కింద పలుచని స్పాంజ్ అంటించు. జాతర దుమ్ము ఫేడర్లలోకి పోతే గరగర మొదలైతది. జాతర కంటే ముందు ఇంటి కాడ రాత్రంతా నడిపి చూడు. జాతర రోజు మామ దగ్గరున్న పాత ఏర్పాటు కూడ బండిలో ఉండనియ్యి.

ప్రశ్న: మేం సూర్యాపేటలో మా వాడ ఆడవాళ్లమంతా కలిసి బతుకమ్మ ఆడతం. ఈసారి పాటలు నేను పెడుతున్న, మధ్యమధ్య మా అత్తలు మైకులో పాడుతరు. కంట్రోలర్ తెచ్చుకున్నం గాని బ్లూటూత్ స్పీకర్‌కు పెడితే హెడ్‌ఫోన్‌లో ఒకటి, బయట ఒకటి వస్తున్నది. కంట్రోలర్ పాడైందా?
– ఒక పాఠకురాలు, సూర్యాపేట

జవాబు: కంట్రోలర్ మంచిగనే ఉన్నది చెల్లె. బ్లూటూత్ శబ్దాన్ని మూట కట్టి పంపి అక్కడ విప్పుతది. దానికి 100 నుంచి 200 మిల్లీసెకన్లు, ఒక్కోసారి ఇంకా ఎక్కువ పడతది. 100 బీపీఎం పాటలో ఒక్కో దెబ్బకు మధ్య 600 మిల్లీసెకన్లు. అంటే నీ చెవికి, స్పీకర్‌కు నడుమ బీటులో మూడో వంతు దాకా తేడా. ఆడేటోళ్లు స్పీకర్‌నే వింటరు కాబట్టి వాళ్ల చప్పట్లు తప్పవు, తప్పేది నువ్వు పాట కలిపే కాడ. మైకు కూడ అదే దారిలో పోతే మీ అత్తలకు తమ గొంతు తమకే ఆలస్యంగ వినపడుతది. ఎంత బాగ పాడేటోళ్లైనా అట్ల పాడలేరు. స్పీకర్‌కు వైరు పెట్టు, మైకును స్పీకర్ మీదున్న మైకు రంధ్రానికి నేరుగ పెట్టు. వైరు పెట్టినంక కూడ జెర ఆలస్యం అనిపిస్తే సాఫ్ట్‌వేర్‌లో ఆడియో బఫర్ (శబ్దాన్ని బయటికి పంపే ముందు కూడబెట్టే చోటు) 256కు తగ్గించు, అది 6 మిల్లీసెకన్ల లోపే. చిటపట వస్తే ల్యాప్‌టాప్‌కు బరువైందని, 512 చెయ్.

ఇంకో సంగతి. బతుకమ్మ పాటల్ని తీన్‌మార్ వేగానికి ఉరికించకు. పెద్దవాళ్లు వంగి చప్పట్లు కొట్టి మళ్ల లేవాలె. రికార్డు చేసిన పాట వాళ్ల అడుగుకు ఎక్కువైతే వేగం తగ్గించి, మాస్టర్ టెంపో బటన్ వేసుకో. శ్రుతి మారకుండ వేగం తగ్గుతది. నాలుగైదు శాతం దాకా తెలియదు, ఎక్కువ లాగితే గొంతు నీళ్లలో మాట్లాడినట్టు అయితది. మీ అత్తలు పాడేటప్పుడు ఫేడర్ పూర్తిగ దించెయ్, వాళ్ల ఉయ్యాలో కింద ఏ బీటూ వద్దు. నేను వినే బతుకమ్మల్లో నాకు నచ్చేది ఆ కాసేపే.

ప్రశ్న: చెరువుగట్టు జాతరకు సౌండ్ పెట్టినప్పుడు కంట్రోలర్ తగిలిస్తే బాక్సుల్లో "ఊం" అని ఒకటే మోత. కంట్రోలర్ మార్చాల్నా?
– ఒక సౌండ్ సర్వీస్ యజమాని, నార్కట్‌పల్లి

జవాబు: వద్దన్నా. మోత వచ్చినప్పుడు ల్యాప్‌టాప్ చార్జర్ పిన్ను గుంజి చూడు. మోత ఆగితే దోషం ఎర్త్ చుట్టులో ఉన్నట్టు. ల్యాప్‌టాప్ ఒక దారిలో, ఆంప్ ఒక దారిలో ఎర్త్‌కు పోయి మధ్యలో ఆర్‌సీఏ వైరు వాటిని కలుపుతున్నది. రెండింటికీ కరెంటు ఒకే బోర్డు నుంచి ఇయ్యి. ఆగకపోతే కంట్రోలర్‌కు, మిక్సర్‌కు నడుమ ట్రాన్స్‌ఫార్మర్ ఉన్న డీఐ బాక్స్ (ఎర్త్ దారి తెంపి శబ్దాన్ని మాత్రం పంపే చిన్న పెట్టె) పెట్టు. దూరం పోయే వైరు కూడ దాని తర్వాత ఎక్స్‌ఎల్‌ఆర్ అయితది, రెండు పనులు ఒక్కసారే. మోత పోవాలని చార్జర్ ఎర్త్ పిన్ను కోసేసే అలవాటు కొందరికి ఉన్నది. జనరేటర్ మీద, తడి నేల మీద నిలబడి పనిచేసేటోళ్లం, ఆ పని ఎవరు చేసినా అడ్డం పడు.

ప్రశ్న: మా అబ్బాయి డిగ్రీ చదువుతూ డీజే అంటూ తిరుగుతుండు. వద్దన్నా వింటలేడు. పోలీసు కేసులు అయితయని, చెవులు పోతయని నా భయం.
– ఒక తండ్రి, మిర్యాలగూడ

జవాబు: రెండు భయాలూ నిజమైనవే అన్నా. శబ్ద కాలుష్య నియమాలు 2000లో వచ్చినయి. రాతపూర్వక అనుమతి లేకుండ లౌడ్‌స్పీకర్ పెట్టొద్దు, రాత్రి 10 నుంచి పొద్దున 6 దాకా బయట మామూలుగ వద్దు. ఇండ్లున్న చోట పరిమితి పగలు 55 డెసిబెల్స్, రాత్రి 45. దవాఖాన, బడి, కోర్టు చుట్టూ కనీసం 100 మీటర్లు నిశ్శబ్ద ప్రాంతంగ ప్రకటించొచ్చు. 2024 అక్టోబరులో హైదరాబాద్ పోలీసులు మతపరమైన ఊరేగింపుల్లో డీజేనే వద్దన్నరు. ఇది తెలిసిన పిల్లగాడు పెండ్లింటోళ్లతో బేరం మాట్లాడేటప్పుడే పదింటికి బంద్ అని చెప్పుకుంటడు.

చెవుల లెక్క ఇది: 85 డెసిబెల్స్ దగ్గర రోజుకు 8 గంటలు, ఆ పైన ప్రతి 3 డెసిబెల్స్‌కు సమయం సగమైతది. 100 దగ్గర 15 నిమిషాలే. బాక్సుల ముందర సప్పుడు దాన్ని దాటుతది. మెడికల్ షాపులో దొరికే ఫోమ్ ఇయర్ ప్లగ్ హెడ్‌ఫోన్ పెట్టని చెవికి పెట్టుకొమ్మను. తను బాక్సుల వెనుక నిలబడాలె, ముందర కాదు. పనికి పోయే ముందు పెండ్లింటోళ్ల చేత అనుమతి కాగితం తీయించి, దాని జిరాక్స్ ఒకటి జేబులో పెట్టుకొమ్మను.